ప్లాటినం ఉంచాలా, పీకేయాలా?

అబ్బాయి: అరగంట నడిచాక బుల్లెట్ బండి ఆగిపోతోంది. నీడలో పెట్టి టీ తాగి వస్తే మళ్ళీ ఒక్క కిక్కుకే అందుకుంటోంది. ఈమాత్రానికే ప్లాటినం పాయింట్ల సెట్టు పీకేసి ఎలక్ట్రానిక్ మాడ్యూల్ పెట్టించెయ్యమంటావేంటి బాబాయ్? లోపం ఎక్కడుందో ఇంకా చూడనే లేదుగా.

బాబాయి: వేడికి చచ్చి చల్లారితే లేచేది కండెన్సరు, కాకపోతే కాయిలు. అది కనిపెట్టడానికి నువ్వే అక్కర్లేదు. సరే, కండెన్సరు మారుస్తావు. వానలు పడేసరికి పాయింట్లు గుంటలు పడతాయి. సంక్రాంతికి టైమింగు జారుతుంది. ప్రతిసారీ లోపం పట్టుకుంటావు, ప్రతిసారీ గెలిచానంటావు. లోపాలన్నీ ఒక్కచోటే పుడుతున్నప్పుడు ఆ చోటే ఎత్తేస్తే పోలా అంటున్నాను.

అబ్బాయి: ఆ చోట దాపరికం ఏమీ లేదు కాబట్టే ఉంచమంటున్నాను. 1910 ప్రాంతంలో అమెరికాలో చార్లెస్ కెట్టరింగ్ కాడిలాక్ కార్ల కోసం కుదిర్చిన పద్ధతి ఇది. పాయింట్లు కలిసి ఉన్నంతసేపు కాయిలు ప్రైమరీ చుట్టలో కరెంటు నడుస్తుంది. క్యామ్ వాటిని విడదీయగానే కరెంటు తెగుతుంది, చుట్టలోని అయస్కాంత క్షేత్రం కూలుతుంది, సెకండరీలో వేల వోల్టులు పుట్టి ప్లగ్గు దగ్గర దూకుతాయి. పాయింట్లు విడిపోయేటప్పుడు వాటి మధ్య మంట లేవకుండా కాచేది కండెన్సరు. అది పోతే పాయింట్ల దగ్గర పెద్ద మెరుపు కనిపిస్తుంది, ప్లగ్గు దగ్గర నీరసమైన పసుపు స్పార్కు వస్తుంది. మూత విప్పి, ఇంజను తిప్పి, చూస్తే చాలు. నేను కొనే మాడ్యూల్ నల్లటి జిగురు పోసి మూసేసిన డబ్బా. అది పోయినరోజు నాకు చూడ్డానికి ఏం మిగులుతుంది?

బాబాయి: పాఠం బాగానే అప్పజెప్పావు. ఆ క్యామ్ మీద రాసుకుంటూ ఉండే ఫైబర్ మడమ సంగతి వదిలేశావే? అది అరుగుతుంది. అరిగేకొద్దీ పాయింట్ల గ్యాపు తగ్గుతుంది, గ్యాపు తగ్గితే అవి ఆలస్యంగా విడిపోతాయి, అంటే స్పార్కు ఆలస్యమవుతుంది. ఇదంతా ఒక్కరోజులో జరిగితే బాగుండు, ఎవరికైనా తెలిసిపోతుంది. నెలల తరబడి జరుగుతుంది. ఇంజను కాస్త ఎక్కువ వేడెక్కుతుంది, లాగుడు కాస్త తగ్గుతుంది, పెట్రోలు కాస్త ఎక్కువ తాగుతుంది. బండి ముసలిదైపోయిందిలే అనుకుంటాడు ఓనరు. లేదా కార్బురేటర్ విప్పి జెట్లు ఊదుకుంటాడు. అక్కడ చెత్త ఉండదు, విప్పినందుకు కొత్త లీకు మాత్రం వస్తుంది. బుల్లెట్ వాళ్ళలో ఇలా అనవసరంగా కార్బురేటర్ విప్పని మగాణ్ణి నేను చూడలేదు.

అబ్బాయి: ఆ మడమకి వేలి కొసన అంటేంత గ్రీజు రాయకపోతే అరుగుతుంది. రాస్తే చాలాకాలం నిలుస్తుంది. గ్యాపు 0.35 నుంచి 0.40 మిల్లీమీటర్లు. ఫీలర్ గేజ్ లేకపోతే మంచి విజిటింగ్ కార్డు మందం. సర్వీసు చేసినప్పుడల్లా పది నిమిషాలు చాలవా?

బాబాయి: చాలు. ఎవరు చేస్తున్నారు ఆ పది నిమిషాలు? నువ్వు చేస్తావు, ఒప్పుకుంటా. నీ సంగతి వేరు, నీకిది సరదా. ఈ బండి తప్ప ఇంకోటి లేని రోజుల్లో పొద్దున్నే ఆఫీసుకి వెళ్ళాల్సినవాణ్ణి నేను. వేగాన్ని బట్టి స్పార్కుని ముందుకు జరిపే ఆటో అడ్వాన్సు స్ప్రింగులు సాగిపోయి ఉంటాయి, బరువులు కిక్కు దగ్గరే విచ్చుకుంటాయి, స్పార్కు ముందే పడుతుంది, పిస్టను వెనక్కి తన్నుతుంది. ఆ బ్యాక్ కిక్కుకి చీలమండ వాచినవాళ్ళు మా వీధిలోనే ఉన్నారు. 1985లో ఆర్‌ఎక్స్ 100 బైకు వచ్చింది, సి.డి.ఐ. అనే ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ తో. దాన్ని నడిపిన కుర్రాళ్ళు ఫీలర్ గేజ్ అనే వస్తువొకటి ఉంటుందని కూడా తెలియకుండా బతికారు. వాళ్ళను చూసి కుళ్ళుకున్నవాణ్ణిరా నేను. ఇప్పుడు నువ్వొచ్చి ఆ ప్లాటినంలో అందం ఉందంటే నవ్వొస్తుంది.

అబ్బాయి: అందమని నేననలేదు. బ్యాక్ కిక్కు సంగతి ఒప్పుకుంటా. స్ప్రింగులు సాగాయా, బరువులు తుప్పుతో బిగిసిపోయాయా అని చూసే మెకానిక్కులు తగ్గిపోయారు, గ్యాపు పెట్టి మూత వేసేస్తున్నారు. కానీ బుల్లెట్ తయారుచేసినవాళ్ళు దానికి హెడ్‌లైటు పైన ఆమ్మీటర్ ఊరికే పెట్టలేదు. కీ తిప్పి కిక్కు మెల్లగా నొక్కుతూ పోతే, పాయింట్లు కలిసినప్పుడు ముల్లు డిశ్చార్జి వైపు వంగుతుంది, విడిపోగానే మధ్యకు వస్తుంది. సిలిండర్లో ఒత్తిడి వదిలే డీకంప్రెసర్ పట్టుకుని ఆ స్థానం కొంచెం దాటించి, కిక్కుని పైకి రానిచ్చి అప్పుడు తొక్కితే వెనక్కి తన్నదు. టైమింగు చూసుకోడానికీ అదే ముల్లు. పిస్టను పైకొసకి 0.8 మిల్లీమీటర్ల ముందు ఉండగా ముల్లు కదలాలి. దీనికి ఏ యంత్రమూ అక్కర్లేదు.

బాబాయి: ఆ ముల్లు గురించి గొప్పగా చెప్పావు. బండిలో కరెంటు దాదాపు అంతా దాని గుండానే పోతుంది. దాని వెనక నట్టు ఒకటి లూజైతే బండి మొత్తం చచ్చిపోతుంది, నువ్వు ప్లాటినం విప్పుకుంటూ కూర్చుంటావు.

అబ్బాయి: నేను చెప్పేదీ అదేగా. నట్టు లూజైతే మాడ్యూల్ పెట్టినా చస్తుంది. మాడ్యూల్ దానికి మందు కాదు.

బాబాయి: కాదు. ఒప్పుకున్నా. అయినా అడుగుతా, ఇంట్లో ఈ బండి నువ్వు తప్ప ఇంకెవరైనా తీయగలరా? మీ అక్క తీయగలదా? ముల్లు చూసుకుని, డీకంప్రెసర్ పట్టుకుని, మంత్రం చదివి తొక్కాలంటే అది బండి కాదు, నీ సొంత పూజ. మాడ్యూల్ పెట్టాక స్పార్కు ప్రతిసారీ ఒకే చోట పడుతుంది. బండి ఇంటివాళ్ళందరిదీ అవుతుంది.

అబ్బాయి: ఇంటివాళ్ళందరిదీ అవుతుంది, రోడ్డు మీద మాత్రం ఎవరి చేతికీ అందదు. లంబసింగి ఘాటులో రాత్రిపూట మాడ్యూల్ పోయిందనుకో. ముందు రోజు దాకా ఒక్క మిస్సింగు కూడా ఇవ్వదు, ఉన్నట్టుండి పోతుంది. ప్లాటినం అలా కాదు, కొన్నాళ్ళ ముందునుంచీ సణుగుతుంది. స్టార్టింగు బరువవుతుంది, స్లోలో తడబడుతుంది, సైలెన్సర్లో పేలుతుంది. ఆగిపోయినా పాయింట్లు శుభ్రమైన కాగితంతో తుడిచి, సందు సరిచేసి, కనీసం పక్క ఊరిదాకా తెచ్చుకోవచ్చు.

బాబాయి: కండెన్సరు సణగదే! అది కూడా ఉన్నట్టుండే పోతుంది. నీకిప్పుడు పోతున్నదీ అదే అయ్యుండొచ్చు.

అబ్బాయి: అది నిజమే. ఇంకోటీ నేనే చెప్తా, నా పక్షానికి అదే పెద్ద దెబ్బ. ఇప్పుడు పుత్లీబౌలి స్పేర్ పార్టుల షాపుల్లో దొరికే కండెన్సర్లను నమ్మలేం. కొత్తది విప్పి పెడితే పాతదానికంటే ముందు పోయిన సందర్భాలున్నాయి. పెట్టె మీద ముద్ర చూసి ఏదీ తేల్చలేం. అందుకే నేను కోఠీ గుజరాతీ గల్లీలో 0.22 మైక్రోఫారడ్, 630 వోల్టుల ఫిల్మ్ కెపాసిటర్ కొని, ఇంజను వేడి తగలకుండా ట్యాంకు కింద కాయిలు పక్కన బిగిద్దామనుకుంటున్నా. విలువ దాదాపు అదే, పని అదే.

బాబాయి: దొరికావు! అంటే నీ అసలైన బండిలో ఇన్వర్టర్ బోర్డుల్లో వాడే సరుకు పెట్టొచ్చు, నేను ట్రాన్సిస్టర్ పెడదామంటే మాత్రం అపచారం. నువ్వు కాపాడుతున్నది పాత బండినా, నీ పంతాన్నా?

అబ్బాయి: నేను కాపాడేది విప్పి చూడగలగడం. కెపాసిటర్ పోతే ఇంకోటి పెడతాను, పోయిందని కూడా నాకు తెలుస్తుంది. మధ్యదారి ఒకటుంది, దానికైతే నేను సిద్ధమే. పాయింట్లు ఉంచి వాటి వెనక ఒక ట్రాన్సిస్టర్ సర్క్యూటు పెట్టడం. కాయిలు కరెంటంతా ట్రాన్సిస్టర్ మోస్తుంది, పాయింట్లు చిన్న సంకేతం ఇస్తాయి, కాబట్టి కాలవు, గుంటలు పడవు. సర్క్యూటు చస్తే రెండు వైర్లు మార్చుకుని పాత పద్ధతికి వచ్చేయొచ్చు.

బాబాయి: మడమ అరగడం ఆగుతుందా?

అబ్బాయి: ఆగదు.

బాబాయి: అడ్వాన్సు స్ప్రింగులు?

అబ్బాయి: అవీ ఆగవు. సగమే పరిష్కారం, ఒప్పుకుంటున్నా.

బాబాయి: నేనూ ఒకటి ఒప్పుకుంటా. ఏ బండికైనా సరిపోతుందని అమ్మే ఊరూ పేరూ లేని మాడ్యూళ్ళు నాకూ ఇష్టం లేదు. వాటిలో అడ్వాన్సు ఎంతో, ఏ స్పీడుకి ఎంతో ఎవరూ కాగితం మీద రాసివ్వరు. బ్యాటరీ కొంచెం నీరసించిందంటే కొన్ని మాడ్యూళ్ళు అసలు స్పార్కే ఇవ్వవు, అక్కడ ప్లాటినం ఎంతోకొంత స్పార్కు ఇస్తుంది. ప్లగ్గు క్యాపు కూడా రెసిస్టర్ ఉన్నదే వాడాలి, అయిదు కిలో ఓములది. లేకపోతే స్పార్కు రేపే విద్యుత్ రొదకి మాడ్యూల్ తికమకపడి, మిస్సింగు తగ్గకపోగా కొత్తది మొదలవుతుంది. ఇవన్నీ తెలిసినవాడు పెడితేనే అది మేలు. నాకు ప్లాటినం మీద కోపం ఉన్నంత మాత్రాన ప్రతి మాడ్యూల్ మీద ప్రేమ ఉన్నట్టు కాదు. పెట్టించినా పాత ప్లేటు, పాయింట్లు టూల్ బాక్సులోనే ఉంచమంటా.

అబ్బాయి: ఇంతదాకా వచ్చాక వైరింగ్ కిట్టు సంగతి తేల్చు. మన మెకానిక్కు అది కూడా మొత్తం మార్చేద్దామంటున్నాడు.

బాబాయి: మార్చేద్దాం. ముప్పయ్యేళ్ళ వైరు అది. పైన తొడుగు గట్టిపడిపోయింది, చీల్చి చూస్తే లోపల రాగి నల్లబడి ఉంటుంది, టంకం కూడా అంటదు. హ్యాండిల్ దగ్గర ఏళ్ళ తరబడి మెలిక పడ్డ వైరు పైకి బాగానే కనిపిస్తుంది, లోపల పోగులు తెగి ఉంటాయి. ఎడమకి తిప్పితే బండి ఆగుతుంది, కుడికి తిప్పితే నడుస్తుంది. ఎన్నని వెతుకుతావు?

అబ్బాయి: కొత్త కిట్టులో రాగి మందం ఎంతో చూశావా? పాతదానికంటే సన్నం. చివర క్లిప్పులు నొక్కింది నొక్కనట్టుంటాయి. రంగులు పాతవాటితో కలవవు. రేపు ఇంకో లోపమొస్తే నా దగ్గరున్న పటం పనికిరాదు. పైగా కిట్టు మార్చాక కూడా బండి ఆగిందనుకో, అప్పుడు తెలుస్తుంది లోపం కీ స్విచ్చులో ఉందని. లోపల అరిగిన కాంటాక్టు అలాగే ఉంది, పక్కనున్న మంచి వైరంతా మార్చాం. డబ్బు పోవడం ఒక ఎత్తు, అసలు లోపం ఏమిటో ఇక ఎప్పటికీ తెలియకపోవడం ఒక ఎత్తు.

బాబాయి: మెకానిక్కుని తిట్టేముందు అతని కూలి లెక్క చూడు. ఒక లూజ్ కాంటాక్టు వెతకడానికి మధ్యాహ్నమంతా కూర్చుంటాడు. చివరికి ఒక క్లిప్పు తుడిచి బిగిస్తాడు. అప్పుడు నువ్వేమంటావు? "క్లిప్పు బిగించినందుకు ఐదొందలా?" అంటావు. అదే కిట్టు మార్చి, బిల్లు చూపించి, కూలి కలిపి మూడువేలు అడిగితే నోరెత్తకుండా ఇస్తావు. సామానుకి డబ్బిచ్చినంత తేలిగ్గా బుర్రకి ఎవరూ ఇవ్వరు. అతనికి వెతకడం రాక కాదు, వెతికితే ఇల్లు గడవదు. మార్చడం అలవాటైంది మన వల్లే. నీలా సెలవురోజు సరదాకి విప్పుకునేవాడు ఆ తప్పు ఎదుటివాడి మీద పెట్టకూడదు.

(రాస్తున్నవాడిగా నాదొక మాట. ఈ వాదంలో ఇద్దరూ పాయింట్లనూ మాడ్యూల్‌నూ పట్టుకుని వేలాడుతున్నారు గానీ, పెద్దాయన ఇప్పుడన్న మాటకి అబ్బాయి దగ్గర జవాబు లేదు. నా దగ్గరా లేదు. అయితే వెతకడానికి మధ్యాహ్నమంతా పట్టాల్సిన పనిలేదని మాత్రం అబ్బాయి చూపించగలడు.)

అబ్బాయి: కూలి మాట నిజం. కానీ వరసగా చూస్తే అంతసేపు పట్టదు. బ్యాటరీ నుంచి కాయిలు పాజిటివ్‌కి నేరుగా ఒక వైరు వెయ్యి. మధ్యలో ఉన్న ఫ్యూజు, ఆమ్మీటర్, కీ స్విచ్చు, హ్యాండిల్ దగ్గర మెలికపడ్డ వైరు అన్నీ ఒక్క దెబ్బతో పక్కకి పోతాయి. ఇప్పుడు బండి ఆగకుండా నడిస్తే లోపం ఆ దారిలో ఉంది. ఇంకా ఆగుతుంటే కాయిలు, కండెన్సరు, పాయింట్లు, ప్లగ్గు వైరు, క్యాపు, ఇంతే మిగిలాయి. ఒక్క వైరుతో సగం బండి నిర్దోషి అని తేలిపోయింది.

బాబాయి: అది నేనూ చేస్తా. కాకపోతే ఆ వైరు వేశాక కీ తిప్పినా బండి ఆగదు, వైరు పీకాలి. ఇంజను ఆగి పాయింట్లు కలిసి ఉన్నప్పుడు దాన్ని అలాగే వదిలేస్తే కాయిలు కాలిపోతుంది. అది కూడా చెప్పు జనానికి.

అబ్బాయి: చెప్తా. తర్వాత టెస్ట్ ల్యాంపు. నువ్వు ముద్దుగా పట్టుకుని తిరిగే మీటరు కంటే హోల్డరుకి రెండు వైర్లు కట్టిన బల్బు నయం. ఒక్క పోగు మీద వేలాడుతున్న వైరుకి కూడా మీటరు పన్నెండు వోల్టులు చూపిస్తుంది. బల్బుకి కరెంటు కావాలి కాబట్టి అది మిణుకుమంటుంది, లోపం బయటపడుతుంది.

బాబాయి: మీటరు వాడే పద్ధతి తెలియనివాడి మాట అది. లోడు మీద ఉండగా కొలవాలి. హెడ్‌లైటు వేసి, మీటరు ఒక కొస బ్యాటరీ నెగెటివ్ మీద, ఇంకో కొస ఇంజను మీద పెట్టు. అర వోల్టు చూపించిందంటే నీ ఎర్తు పోయినట్టే, బల్బు అయితే మామూలుగానే వెలుగుతుంది, నువ్వు కనిపెట్టలేవు. ఇంజను ఆపి కొంతసేపయ్యాక బ్యాటరీ 12.6 ఉండాలి. ఇంజను రేజు చేస్తే 14 దగ్గరికి రావాలి. పదిహేను దాటితే రెగ్యులేటర్ పోయి బ్యాటరీని ఉడకబెడుతోంది. పదమూడుకి కూడా రాకపోతే ఛార్జింగే లేదు, బండి బ్యాటరీ మీద కొంతదూరం నడిచి ఆగుతుంది. ఆ బల్బు ఇవన్నీ చెబుతుందా?

అబ్బాయి: చెప్పదు. మరి మన బండి కొంతదూరం నడిచే ఆగుతోందిగా. ఛార్జింగు కూడా అయ్యుండొచ్చు.

బాబాయి: కాదు. ఛార్జింగు అయితే టీ తాగొచ్చేలోగా బ్యాటరీ నిండదు, ఒక్క కిక్కుకి లేవదు. వేడి వల్ల పోయే వస్తువే అది. ఆగిన క్షణంలోనే ప్లగ్గు విప్పి స్పార్కు చూడాలి, ఇంటికి తెచ్చుకుని చల్లారాక చూస్తే అన్నీ బాగానే ఉంటాయి. అప్పుడు బయట గాలిలో స్పార్కు కనిపించినంత మాత్రాన సంబరపడకు. సిలిండర్లో గాలి నొక్కుకుని ఉంటుంది, అక్కడ దూకాలంటే ఎక్కువ వోల్టులు కావాలి. బయట ప్లగ్గు గ్యాపులో దూకే స్పార్కు లోపల చావొచ్చు.

అబ్బాయి: ఇందాక నువ్వు చూడక్కర్లేదన్నావు. ఇప్పుడు చూసే పద్ధతంతా నువ్వే చెబుతున్నావు.

బాబాయి: ఆ ఒక్కమాటా వెనక్కి తీసుకుంటున్నా. చూడు, పట్టుకో, ఏది పోయిందో తేల్చు. తేలాక కూడా నా సలహా మారదు. కండెన్సరు అని తేలితే మాడ్యూలే పెట్టమంటా, ఎందుకంటే ఆ కండెన్సరు మళ్ళీ పోతుంది. కాయిలు అని తేలితే మాత్రం కాయిలే మార్చు. ప్రైమరీ మూడు నాలుగు ఓములున్న పన్నెండు వోల్టుల కాయిలు చూసి కొను. షాపువాడు ఆరు వోల్టులది అంటగడితే పాయింట్లు నెలకల్లా మాడిపోతాయి, అప్పుడు నువ్వు ప్లాటినాన్ని, నేను నిన్నూ తిడుతూ కూర్చోవాలి.

అబ్బాయి: కండెన్సరు అని తేలితే నేను గుజరాతీ గల్లీకే వెళ్తా.

బాబాయి: నీ బండి, నీ కాలు. ఏది పెట్టినా ఒక పని మాత్రం ముందు చెయ్యి. ఇంజను నుంచి ఫ్రేముకి వెళ్ళే ఎర్తు వైరు విప్పి, కింద పెయింటు గీకి, మెరిసేలా తుడిచి బిగించు. కాయిలు బిగించిన చోటా అంతే. తర్వాత ఏ వైరు ఎక్కడికి వెళ్తోందో, ఏ రంగు దేనిదో కాగితం మీద గీసి సీటు కింద పెట్టు.

అబ్బాయి: పాత ఓనరు మూడుచోట్ల ఎర్ర వైరుని పచ్చ వైరుతో అతికాడు బాబాయ్.

బాబాయి: అతికినచోట్లు కూడా గియ్యి. రేపు ఈ బండి నీ దగ్గర కొనేవాడికి ముందు ఆ కాగితం ఇవ్వు, తర్వాత తాళం ఇవ్వు.